పెరటి కోడికి ఏ మందు?

బెంగుళూరునుండి గుంతకల్లునకు పోవు రైలుదారిమీద హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు ఊళ్లు వరుసగా వచ్చును. మొన్నటివరకు అనంతపురము జిల్లాలోనివి. 2022 ఏప్రిలునుండి శ్రీ సత్యసాయి జిల్లాకు చేరినవి. హిందూపురము బేరసారములకు, పెనుకొండ విజయనగర రాజుల కోటకు, ధర్మవరము పట్టుచీరలకు పేరుపొందినవి. ఊళ్ల తీరు వేరైనను, వాని చుట్టునుండు పల్లెలలో ఏ ఇంటి వెనుకకు పోయి చూచినను ఒకే దృశ్యము కనబడును: బోర్లించిన గంప, ప్రక్కన మట్టిచిప్పలో నీళ్లు, తిప్పను కెలకుచున్న నాలుగైదు నాటుకోళ్లు. వాన చాలని ఈ సీమలో ఒక్కొక్క యేడు వేరుసెనగ పండదు. కోడి మాత్రము ఎవరును విత్తనిది ఏరుకొని తిని గ్రుడ్డు పెట్టుచునే యుండును. ఆ గ్రుడ్ల డబ్బు, పుంజు నమ్మిన డబ్బు ఇల్లాలిది. మగవాడు లెక్క అడుగడు. బడిపిల్లల పుస్తకములు, పండుగనాటి గాజులు అందులోనుండియే వచ్చును. చుట్టము వచ్చిన దినమున సంగటిలోనికి పులుసు కూడ ఆ పెరటినుండియే.

ఇట్టి ఇంట కోడి తూగుచు కూర్చుండుట చిన్న సంగతి కాదు. పల్లెవారి కార్యక్రమమునకు మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో కోళ్ల జబ్బులను గూర్చినవి ఎప్పుడును కొన్ని ఉండును. వానిలో పెనుకొండకు దగ్గరి పల్లెనుండి ఒక అవ్వ మనుమరాలిచేత వ్రాయించిన ఉత్తరము నన్ను ఆలోచింపజేసినది. సంగతి ఇది. రాత్రివేళ పిల్లి ఒక పెట్టను పట్టి, అరుపులు విని విడిచిపోయినది. మనుమనికి జ్వరము వచ్చినప్పుడు తెచ్చిన క్యాప్సూలు ఒకటి ఇంట మిగిలియుండెను. దానిని విప్పి సగము పొడి సంగటిముద్దలో పెట్టి పెట్టచేత మ్రింగించిరి. మూడవనాటికి అది లేచి మేసినది. తరువాత కొన్ని వారములకు ఇంకొక పెట్ట రెక్కలు వాల్చి, నోరు తెరచి రొప్పుచు, ఆకుపచ్చని రెట్ట వేయసాగెను. దాచియుంచిన రెండవ సగము దానికి ఇచ్చిరి. అది మెడ తిప్పుకొని మరునాడు చచ్చినది. ఆ వారములోనే వీధిలో కోళ్లన్నియు పోయినవి. ‘ఒకే క్యాప్సూలులో ఒక సగము బ్రతికించి, మరియొక సగము ఎందుకు బ్రతికింపలేదు?’ అని అవ్వ ప్రశ్న.

ఇంతకంటె మంచి ప్రశ్న నాకు తట్టి యుండెడిది కాదు. పశువైద్యులను కలిసి, ఆ ఊరికిని పోయి వచ్చితిని. అవ్వ నన్ను అరుగుమీద కూర్చుండబెట్టి, ముందుగా తన ఫిర్యాదు చెప్పినది.

“ఆవుకైతే డాక్టరు వస్తాడు నాయనా. కోడికి ఎవురొస్తారు? మూడు నూర్ల కోడికి ఆటోకి రెండు నూర్లు పెట్టుకోని పోదునా? అందుకే బిళ్ళ ఏస్తిమి.”

ఈ లెక్కలో తప్పేమియు లేదు. పట్టణపు వాడు దీనిని అజ్ఞానమనును గాని, ఇది బీదవాని అంకగణితము. అంగడిలో అడిగినంతనే దొరకునది మందుబిళ్ళయే. అందుచేతనే ఆ బిళ్ళ ఏ పని చేయగలదో, ఏ పని చేయలేదో ఇంటి ఇల్లాలికి తెలియుట అవసరము.

కోడిని బాధించు సూక్ష్మజీవులలో అనేక జాతులు కలవు. వానిలో బాక్టీరియా ఒక జాతి, వైరసులు మరియొక జాతి. బాక్టీరియా స్వతంత్రముగా బ్రతుకునది. తన చుట్టు ఒక గోడ కట్టుకొనును. తనకు కావలసిన మాంసకృత్తులను తనలోనే వండుకొనును. పెన్సిలిన్ జాతి మందులు ఆ గోడను కట్టనీయవు. టెట్రాసైక్లిన్ జాతి మందులు ఆ వంటను సాగనీయవు. యాంటీబయాటిక్ అనగా ఇంతే. వైరసుకు అట్టి గోడయు లేదు, వంటయిల్లును లేదు. అది కోడి కణములోనికి చొరబడి, ఆ కణముచేతనే తన పనియంతయు చేయించుకొనును. లేని గోడను ఏ మందు కూల్చగలదు? అవ్వ మొదటి పెట్టను పట్టినది బాక్టీరియా. రెండవదానిని పట్టినది వైరసు. క్యాప్సూలులో భేదము లేదు, శత్రువులో ఉన్నది.

ఆ రెండవ జబ్బును మనవారు కొక్కెర తెగులు అందురు. పుస్తకములలో దాని పేరు రాణీఖేత్ వ్యాధి. 1926లో జావా ద్వీపమునందును, ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమునందును దీనిని గుర్తించిరి. మరుసటి యేడు హిమాలయపాదమున కుమావూ కొండలలోని రాణీఖేత్‌లో కనబడినది. కనుక లోకమంతట న్యూకాసిల్ వ్యాధి అనునది మన దేశమున రాణీఖేత్ వ్యాధియైనది. పాపము, ఆ చల్లని కొండయూరు చేసిన తప్పేమియు లేదు. రొప్పు, ఆకుపచ్చని తెల్లని పలుచని రెట్ట, రెక్కలును కాళ్లును పడిపోవుట, మెడ మెలితిరుగుట దీని గురుతులు. ఒక ఇంట పుట్టినచో వారము తిరుగకమునుపే వీధి ఖాళీయగును. ఇది వచ్చిన తరువాత దీనికి మందు లేదు. ఈ మాట కఠినముగా తోచును గాని, ఇది తెలియకపోవుటచేత ఎందరో ఇల్లాండ్రు చచ్చిపోవు కోడికి ఖరీదైన మందు పోయుచున్నారు.

వచ్చిన తరువాత మందు లేదు కాని రాకుండ టీకా ఉన్నది. పిల్లకు అయిదు నుండి ఏడు దినముల వయస్సున లసోటా టీకా చుక్క కంటిలోనో ముక్కులోనో వేయుదురు. ఎనిమిదవ వారమున ఆర్‌2బి అను టీకా సూదితో వేయుదురు. ఈ రెండవ టీకాను చిన్నపిల్లలకు వేయరాదు; అది వానికి బలమైనది. చెప్పుటకు ఇంత సులభమైనది పల్లెలో ఎందుకు జరుగదని పశువైద్యుని అడిగితిని. ఆయన చెప్పిన కారణము నాకు కొత్త. టీకామందు సజీవమైనది. దానిని సీసానుండి సూదివరకు చల్లగా ఉంచవలెను. ధర్మవరము వేసవిలో మంచుపెట్టె లేక అది మార్గమధ్యముననే చచ్చును. కలిపిన తరువాత రెండు గంటలలోపల వాడివేయవలెను. చిన్న సీసాయైనను పదుల కోళ్లకు సరిపడునట్లు వచ్చును. నాలుగు కోళ్లున్న ఇల్లాలు దానిని కొని ఏమి చేయును? కాబట్టి ఇది ఒక ఇంటివారు చేయగలిగిన పని కాదు, వీధి చేయవలసిన పని. పది పదిహేను ఇండ్లవారు ఒక దినము అనుకొని, తెల్లవారుజామున కోళ్లను విడువక గంపలక్రింద ఉంచినచో, ఒక మనిషి గంటలో వీధినంతటిని ముగించగలడు. ప్రొద్దెక్కిన తరువాత నాటుకోడిని పట్టుట ఎవరి తరమును కాదు. టీకా ఆరోగ్యముగానున్న కోడికే వేయవలెను. తెగులు వీధిలోనికి వచ్చిన పిదప పరుగెత్తినచో ప్రయోజనము తక్కువ.

ఇంకొక మాట. తెగులు తనంతట నడచి రాదు. సంతలో కొన్న కోడితో వచ్చును. తూగుచున్న కోడిని తొందరగా కోసి, ఈకలు ప్రేవులు తిప్పమీద పారవేసినచో, ఆ తిప్పను కెలకు ప్రతి కోడికిని అంటును. చచ్చినదానిని లోతుగా గోయి త్రవ్వి సున్నము చల్లి పూడ్చవలెను. కొన్న కోడిని రెండు వారములైనను వేరుగా కట్టియుంచవలెను.

జుట్టుమీద, కంటిచుట్టు పొక్కులు వచ్చు కోళ్ల మశూచి కూడ వైరసు వలననే కలుగును. దోమలు దానిని మోయును. కోడిపిల్లల రెట్టలో నెత్తురు పడు జబ్బు వైరసును కాదు, బాక్టీరియాయును కాదు. తడిసిన గూటిలో పెరుగు ఏకకణజీవి దానికి కారణము, దాని మందులు వేరు.

ఇక యాంటీబయాటిక్ నిజముగా పనిచేయు చోటికి వచ్చెదము. కోళ్ల కలరా అను జబ్బు కలదు. మనుష్యుల కలరాకును దీనికిని సంబంధము లేదు. 1879లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరు ఈ జబ్బు క్రిములను పెంచుచుండెను. వేసవి సెలవులలో ప్రాతబడిపోయిన క్రిములను కోళ్లకు ఎక్కింపగా అవి చావలేదు. తరువాత కొత్త క్రిములను ఎక్కించినను చావలేదు. ప్రయోగశాలలో క్రిములను బలహీనపరచి టీకా చేయవచ్చునని లోకము నేర్చినది ఈ కోళ్లవద్దనే. ఆ క్రిమికి పాశ్చరెల్లా అని ఆయన పేరే పెట్టిరి. ఇది బాక్టీరియా గనుక, తొలిదశలోనే పట్టుకొన్నచో యాంటీబయాటిక్‌కు లొంగును.

చిత్రమేమనగా, ఈ పాశ్చరెల్లాయే పిల్లి నోటిలో కాపురముండును. పిల్లికి దానివలన బాధ లేదు. కాని పిల్లి కోర సూదివంటిది. పైకి చిన్న రంధ్రమే కనబడును, క్రిమిని మాత్రము కండలోపల దించి పోవును. పక్షి శరీరమున అది నెత్తురులో వ్యాపించి ఒకటి రెండు దినములలో చంపగలదు. అందుచేత పిల్లి కరచిన కోడికి, గాయము చిన్నదైనను, పశువైద్యుడు యాంటీబయాటిక్ ఇచ్చుట సమంజసము. అవ్వ తెలియకయే సరియైన చోట సరియైన జాతి మందు వేసినది. కోడిని బ్రతికించినది ఆ సగము పొడియేనా, కోడి సత్తువయా అన్నది మాత్రము ఎవరును చెప్పలేరు. సగము పొడితో ఆపివేయుట మంచి వైద్యము కాదని మాత్రము చెప్పవచ్చును.

గాయములన్నిటికిని ఇట్లే కావలెనా? అక్కరలేదు. ముంగిస లాగినను, గద్ద గోరు దిగినను, పుంజులు పొడుచుకొన్నను ముందు చేయవలసినది శుభ్రము. కోడిని గుడ్డలో చుట్టి పట్టుకొని, శుభ్రమైన గుడ్డతో అదిమి నెత్తురు ఆపవలెను. కాచి చల్లార్చిన లీటరు నీటిలో చిన్న చెంచాడున్నర ఉప్పు కలిపి, గాయముచుట్టు ఈకలు కత్తిరించి, మట్టి పోవువరకు కడుగవలెను. తరువాత పలుచని తేనీటి రంగు వచ్చునట్లు నీటిలో కలిపిన పోవిడోన్ అయొడిన్ అద్దవలెను. ఒక జాగ్రత్త కలదు. పక్షి దేహములో ఊపిరితిత్తులకు తోడు గాలిసంచులు ఉండును. కొన్ని ఎముకలలోపల కూడ గాలియే. రొమ్ములోనో వీపుమీదనో లోతైన రంధ్రము పడినచో దానిలో నీళ్లు గాని మందు గాని పోయరాదు. అది ఊపిరిలోనికి పోవును. పైపైన తుడిచి వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. గాయపడినదానిని మిగిలిన కోళ్లనుండి వేరుచేయుట మరువరాదు. ఎర్రగా కనబడిన చోట తోడికోళ్లే పొడిచి చంపును. చీకటిగా, వెచ్చగానున్న గంపక్రింద పెట్టి, ఈగ వాలకుండ పలుచని గుడ్డ కప్పవలెను. గాయముమీద ఈగ పెట్టిన పురుగు కూడ కోడిని చంపగలదు.

కాలి అడుగున గట్టిపడిన కురుపు వచ్చిన కోళ్లకు కూడ బిళ్ళలు వేయుచున్నారు. మనుష్యుని చీము పలుచగా కారును. పక్షి చీము జున్నుముక్కవలె గడ్డకట్టును. ఆ గడ్డలోనికి నెత్తురు పోదు, నెత్తురుతో పోవు మందును పోదు. దానిని వైద్యుడు కోసి తీయవలసినదే.

ఇప్పుడు సగము క్యాప్సూలు సంగతి. మోతాదు చాలనప్పుడు బలహీనమైన క్రిములు చచ్చి, కొంచెము తట్టుకొనగలిగినవి మిగులును. మిగిలినవే పిల్లలు పెట్టును. 1928లో పెన్సిలిన్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగు, 1945లో నోబెల్ బహుమానము అందుకొన్నప్పుడు చేసిన ప్రసంగముననే ఈ ప్రమాదమును హెచ్చరించెను. పెరటిలో మోతాదు కుదురుట మరింత కష్టము. పసుపుపచ్చని పొడిని చిప్పలోని నీళ్లలో కలిపి పెట్టుదురు. జబ్బుకోడి నీరే త్రాగదు. త్రాగు కోడి చిప్పను విడిచి కాలువలో త్రాగును. ఆ పొడి టెట్రాసైక్లిన్ జాతిదైనచో, గ్రుడ్డుపెంకు గట్టిపడుటకని వేయు గుల్లసున్నము దానిని పట్టి కడుపులోనే ఆపివేయును. ఇల్లాలు మందు ఇచ్చితిననుకొనును. కోడికి అందినది కొంచెమే. ఆ కొంచెము క్రిములకు పాఠము నేర్పుటకు సరిపోవును.

ఈ కథలో తెలుగువారికి సంబంధించిన అధ్యాయము ఒకటి కలదు. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు అధ్యక్షులుగా నుండిరి. ఆయన నాయకత్వమున అచ్చట బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును తీసెను. టెట్రాసైక్లిన్ జాతికి అదియే మొదటిది. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. ఆ యేడే సుబ్బారావుగారు మరణించిరి. అదే సంస్థలో స్టోక్‌స్టాడ్, జూక్స్ అను ఇరువురు, మందు తీసివేయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేతలో కలిపి పెట్టిరి. వారు వెదకినది ఒక విటమినును. కాని పిల్లలు అనుకొన్నదానికంటె వేగముగా పెరిగినవి. పిప్పిలో మిగిలిన మందే కారణమని తేలి, 1950లో ప్రకటించిరి. అటుపిమ్మట జబ్బు లేని కోళ్లకు కూడ మేతతో యాంటీబయాటిక్ పెట్టుట ప్రపంచమంతట వాడుకయైనది. ప్రాణము నిలుపుటకు పుట్టిన మందు తూకము పెంచుటకు దిగినది. దాని ఫలము తెలియుటకు ఎంతో కాలము పట్టినది. యూరోపు దేశముల కూటమి 2006 జనవరి 1 నుండి తూకముకొరకు యాంటీబయాటిక్ మేపుటను పూర్తిగా నిషేధించినది. మన ప్రభుత్వము 2019 జూలైలో, మనుష్యులకు కడపటి ఆధారముగా వాడు కొలిస్టిన్ అను మందును కోళ్లకు, ఆహారమునిచ్చు ఇతర జంతువులకు వాడకుండ నిషేధించినది. ఆస్పత్రిలో చివరి మందు కూడ పనిచేయని రోగి పడకకును, కోళ్ల దాణాకును మధ్య దూరము అనుకొన్నంత లేదని ఆనాటికి తేలినది.

నాలుగు కోళ్ల అవ్వను ఇంత పెద్ద నేరమునకు బాధ్యురాలిని చేయుట నా ఉద్దేశము కాదు. వేల కోళ్లను ఒకే కప్పుక్రింద పెంచువారి వాడకము ముందు ఆమె సగము క్యాప్సూలు ఏపాటిది? కాని ఆమె పెరటి గ్రుడ్డును తినునది ఆమె మనుమడే.

కోడికి వేసిన మందు గ్రుడ్డులోనికి దిగును. పచ్చసొన పెరిగి నిండుటకు సుమారు పది దినములు పట్టును. ఆ దినములలో నెత్తురులో ఉన్నదంతయు దానిలో చేరగలదు. ఉడికించినంతమాత్రమున మందు పూర్తిగా పోవునని నమ్మరాదు. పెన్సిలిన్ పడనివారికి ఇది ప్రమాదము కూడ. మన దేశమున 2012లో చేసిన నియమము ప్రకారము, పశువుల మందు చీటీమీద ఎన్ని దినములు ఆగవలెనో వ్రాయవలెను. ప్రత్యేకముగా నిర్ణయింపనప్పుడు గ్రుడ్డుకు కనీసము 7 దినములు, కోడిమాంసమునకు కనీసము 28 దినములు. మనుష్యుల క్యాప్సూలు చీటీమీద కోడిని గూర్చి ఏమియు ఉండదు. కొన్ని మందులను గ్రుడ్లు పెట్టు కోడికి అసలే వాడరాదు. ఈ లెక్కను వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

ఆటో ఖర్చు సంగతి పశువైద్యుని ముందు పెట్టితిని. ఆయన రెండు మాటలు చెప్పెను. సంచార పశువైద్య వాహనమునకు 1962 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఆవుకొరకు వచ్చిన దినముననే వీధిలోని కోళ్లను కూడ చూపవచ్చును. రెండవది, నాలుగు కోళ్లు వరుసగా పోవుచున్నప్పుడు, అప్పుడే చచ్చినదానిని సంచిలో చుట్టి ఎవరైన ఒకరు ఆస్పత్రికి తెచ్చినచో, కోసి చూచి చాల భాగము జబ్బు పేరు చెప్పవచ్చును. పేరు తెలిసిన పిదప మిగిలినవానికి మందు కొనవలెనా, మానవలెనా తేలును. బ్రతికియున్న కోడికి పెట్టు ఖర్చుకంటె చచ్చినదానికి పెట్టు ఖర్చు అప్పుడు లాభము.

ఇదంతయు అవ్వకు చెప్పితిని. టీకా దినమునకు వీధివారిని కూడగట్టుదునని ఒప్పుకొన్నది. గ్రుడ్ల మాట చెప్పగానే ఆమె ముఖము మారినది.

“ఆ పెట్ట గుడ్లు మా మనవడు తినె నాయనా. ఏమన్నా అవుతాదా?”

అది జరిగి చాల దినములైనదనియు, పిల్లవాడు కులాసాగానే ఉన్నాడు గనుక ఒక్కసారి సగము పొడికి భయపడనక్కరలేదనియు చెప్పితిని. మరల ఎప్పుడైన మందు వేయవలసివచ్చినచో వైద్యుడు చెప్పినన్ని దినములు ఆ గ్రుడ్లను ఇంట వాడరాదనియు, అమ్మరాదనియు, గోతిలో పూడ్చవలెననియు చెప్పితిని.

“గుడ్డును పూడ్చనీకి చేతులొస్తాయా నాయనా?” అన్నది.

నేను సమాధానము చెప్పలేదు, అవ్వా అని మాత్రము అంటిని. ఆమె లేచి, ఎండ ప్రాకుచున్న గంపను గోడనీడలోనికి జరిపి, చిప్పలో నీళ్లు మార్చినది.